డ్యూటీ ఎప్పుడు దిగుతామో తెలియని రోజుకు క్యారేజి ఎలా సర్దుకోవాలి?

లూప్‌లైను (కాజీపేట)

అందరికీ నమస్కారం. నేను గూడ్సు బండ్లలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా పనిచేస్తున్నాను. కాజీపేటలో బండి ఎక్కితే ఒకరోజు బల్లార్షా వైపు, మరొకరోజు విజయవాడ వైపు వెళ్లవలసి ఉంటుంది. ప్యాసింజరు బండికి వేళాపాళా ఉంటుంది కాబట్టి ఎక్కడ తినాలో ముందే అనుకోవచ్చు. గూడ్సుకు ఆ వెసులుబాటు లేదు. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడానికి ఏదో ఒక చిన్న స్టేషను లూప్ లైనులో నిలిపితే అక్కడ టీ కొట్టు కూడా ఉండకపోవచ్చు. సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూముకు చేరితే వేడి అన్నం దొరుకుతుంది, చేరేదాకానే ఇబ్బంది.

తెల్లవారుజామున ఇంట్లో కట్టిచ్చిన అన్నం, పప్పు, కూర వేసవిలో మధ్యాహ్నానికే వాసన మారుతున్నాయి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున ఇంజను క్యాబులో ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. క్యారేజి పాడైతే మిగిలేవి బిస్కెట్ పొట్లం, మిర్చి బజ్జీలు, వరుసగా టీలు. ఫ్రిజ్ లేదు, వేడి చేసుకునే వీలు లేదు. గుడ్డు తింటాను, మాంసం మాత్రం డ్యూటీలో వద్దనుకుంటున్నాను. పది పన్నెండు గంటలు పాడవకుండా, కడుపు నిండేలా, అయినా నిద్ర ముంచుకురాకుండా ఉండే తిండి ఏమిటో, దాన్ని ఎలా సర్దుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నైట్‌డ్యూటీ (గుంటూరు)

లూప్‌లైను గారూ, నేను నర్సును. మాకూ పన్నెండు గంటల డ్యూటీలే. బదులు రావలసిన మనిషి రాకపోతే అవి ఇంకా సాగుతాయి. మీ ఇబ్బంది వంటకాల్లో కంటే సర్దుకునే పద్ధతిలో ఉందని నాకు అనిపిస్తోంది. క్యారేజి అనగానే మనం ఒక పూట భోజనమే అనుకుని, అన్నం, పప్పు, కూర, పెరుగు నాలుగు గిన్నెల్లో పెట్టి ఒంటిగంటకు ఒకేసారి విప్పుతాం. దిగే వేళ తెలియనివాళ్లు తిండిని దాని ఆయుష్షును బట్టి విడదీసుకోవాలి. ఎక్కిన కొద్దిసేపటికే తినేయవలసినది ఒక డబ్బాలో, మధ్యాహ్నం వరకు నిలిచేది ఇంకో డబ్బాలో, రోజుల తరబడి చెడని పొడి తిండి వేరే డబ్బాలో పెట్టుకోవాలి. ఆ చివరి డబ్బా విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చినా నష్టం లేదు. అది సంచిలోనే ఉంటుంది, అయిపోయినప్పుడు నింపుకుంటే సరిపోతుంది.

మొదటి డబ్బాలో నూనె, కారప్పొడి పట్టించిన ఇడ్లీలు, పెంకు తీయని ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. కొబ్బరి చట్నీ మాత్రం వద్దు, ఇడ్లీ కంటే అదే ముందు చెడుతుంది. ఒక గుడ్డుకు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి కాబట్టి రెండు తింటే ఉదయం పూట గట్టిగానే నిలబడగలుగుతారు. ఆకలి వేసేదాకా దాచుకోకండి. ముందు చెడేదాన్ని ముందే తినడం ఇక్కడ అసలు నియమం.

ఆహారశాస్త్రం (బాపట్ల)

పై సూచన సరైనదే, దాని వెనుక ఉన్న కారణం కూడా తెలిస్తే మీరే వంటకాలు ఎంచుకోగలుగుతారు. వండిన ఆహారాన్ని 60 డిగ్రీల పైన వేడిగా గానీ, 5 డిగ్రీల లోపు చల్లగా గానీ ఉంచాలని, మామూలు వేడిలో రెండు గంటలకు మించి వదిలేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సూచన. ఈ లెక్కన మన మామూలు పప్పన్నం క్యారేజి వేసవిలో ఎవరి పరీక్షలోనూ నెగ్గదు.

అన్నం విషయంలో ముఖ్యంగా జాగ్రత్తపడవలసినది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గురించి. దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపు అవి మొలకెత్తి పెరుగుతూ, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం ఒకసారి తయారైతే మళ్లీ వేడి చేసినా పోదు, వాసనలో తేడా తెలియకపోవచ్చు కూడా. అందువల్ల అన్నాన్ని సలసలా కాగే వేడితో ఫ్లాస్కులాంటి డబ్బాలోనైనా పెట్టాలి, లేదా వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద త్వరగా పూర్తిగా చల్లార్చైనా మూత పెట్టాలి. తెల్లవారుజామున హడావుడిలో చాలామంది చేసేది ఈ రెండూ కాదు. పొగలు కక్కే అన్నాన్ని మామూలు స్టీలు గిన్నెలో నొక్కి మూత బిగిస్తారు. ఆవిరి మూతకు పట్టి నీరై కిందికి కారుతుంది, గంటల తరబడి అన్నం గోరువెచ్చగానే ఉంటుంది. బ్యాక్టీరియాకు అంతకంటే అనుకూలమైన చోటు మరొకటి ఉండదు.

తేమ తక్కువగా ఉన్నవి, పులుపు బాగా పట్టినవి, ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువగా ఉన్నవి ఎక్కువసేపు నిలుస్తాయి. మన ప్రయాణపు వంటలన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి. ఇంకో రెండు మాటలు. రొట్టెలు, గారెల వంటివాటిని వార్తాపత్రికలో చుట్టకండి, సిరా తిండికి అంటుతుంది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దీనిని నిషేధించింది. పులుపు వంటకాలను అల్యూమినియం గిన్నెల్లో పెట్టకండి, స్టీలే మంచిది.

గోదారమ్మాయి (రాజమహేంద్రవరం)

మా వారు చమురు బావుల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. అందువల్ల పులిహోర, దద్ధోజనం మా ఇంట్లో పండగ వంటలు కావు, వారంలో సగం రోజులు అవే. నిలవ ఉండాలంటే వండే తీరు కొంత మార్చుకోవాలి.

చింతపండు పులిహోరకు అన్నం పొడిపొడిగా వండి, పళ్లెంలో ఆరబెట్టి, పసుపు, నూనె పట్టించాలి. చింతపండు గుజ్జును పచ్చిమిర్చి, ఉప్పు, నూనెలతో కలిపి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. నీళ్లగా ఉన్న పులుసు కలిపితే ఎంత పుల్లగా ఉన్నా నిలవదు. పులుపు ప్రతి మెతుకుకూ పట్టాలి, తెల్లగా మిగిలిన ముద్దలు ఉండకూడదు. ఉల్లిపాయ, పచ్చికొబ్బరి వేయకూడదు. నిమ్మకాయ పులిహోర రుచిగానే ఉంటుంది గానీ చింతపండు పులిహోర అంతసేపు ఉండదు, దాన్ని నైట్‌డ్యూటీ గారు చెప్పిన మొదటి డబ్బాలో చేర్చండి. మాంసకృత్తుల కోసం వేరుశనగలు, శనగపప్పు పిడికెడు ఎక్కువే వేయండి.

దద్ధోజనానికి పెరుగు కలిపి పంపితే వేసవిలో పదిగంటలకే పులిసిపోతుంది. అన్నం మెత్తగా వండి, మెదిపి, చల్లారాక, కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టండి. నాలుగైదు గంటల్లో డబ్బాలోనే తోడుకుని, తినే వేళకు కమ్మగా ఉంటుంది. అల్లం, మిరియాలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టండి. కీరా ముక్కలు, దానిమ్మ గింజలు చూడటానికి బాగుంటాయి గానీ, దూరపు డ్యూటీకి పంపేదానిలో పచ్చివి కలపకపోవడమే మంచిది.

కూర పెట్టవలసి వస్తే నీరు ఇంకిన వేపుళ్లు పెట్టండి. బంగాళాదుంప ముద్దకూర, కొబ్బరి వేసిన కూరలు వేసవిలో అస్సలు వద్దు.

బొరుగులు (అనంతపురం)

అన్నం చుట్టూనే ఎందుకు తిరుగుతున్నారో నాకు అర్థం కావడం లేదు. నేను లారీ నడుపుతాను, మా వైపు దూరం పోయేవాళ్ల సంచిలో జొన్నరొట్టెలే ఉంటాయి. పలుచగా తట్టి, పెనం మీద కాల్చాక, తేమ పోయేదాకా సన్నని సెగ మీద ఆరనిస్తే అప్పడంలా కరకరలాడతాయి. అలా చేసినవి రోజుల తరబడి నిలుస్తాయి. మెత్తని రొట్టెలు కావాలంటే చల్లారాక నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి, ఆ పూటకే తినేయాలి. వేడిగా ఉండగానే రేకు కాగితంలో చుడితే చెమ్మ పట్టి పాడవుతాయి.

రొట్టెలోకి కూర లేకపోయినా నష్టం లేదు. బుడ్డల (వేరుశనగల) పొడి, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, కంది పొడి ఏదైనా పెట్టుకుని, తినే ముందు కొంచెం నూనె వేసుకోవాలి. మునగాకు పొడి కూడా మంచిదే. మా ఊరిబిండి, అంటే బుడ్డల పచ్చడి, అన్నిటికంటే రుచిగా ఉంటుంది గానీ అందులో తడి ఉంటుంది కాబట్టి ఆ పూటకే.

పొడి డబ్బా సంగతికి వస్తే, వేయించిన బుడ్డలు, పుట్నాలు, బొరుగులు కలిపి పెట్టుకోండి. 30 గ్రాముల బుడ్డల్లో సుమారు 170 కేలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇంత శక్తినిచ్చే తిండి మన పొలాల్లోనే పండుతుంటే, రంగురంగుల కాగితాల్లో చుట్టిన ఎనర్జీ బార్లకు డబ్బు పోయడం నాకు సమ్మతం కాదు. వాటిలో చాలావరకు చక్కెర పాకమే ఉంటుంది, ఆ మాటకు వస్తే పల్లీపట్టి ఏం తక్కువ?

లూప్‌లైను (కాజీపేట)

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మూడు డబ్బాల పద్ధతి డ్యూటీకి వెంట తీసుకెళ్లే నా లైను బాక్సులో సరిపోతుంది. రొట్టె ఆలోచన కూడా నచ్చింది, ఒక చేత్తో తినవచ్చు. మా ఇంట్లో సంక్రాంతికి సజ్జరొట్టెలు నువ్వులు అద్ది చేస్తారు, వాటినీ ఇలాగే వాడుకోవచ్చనుకుంటాను.

రెండు సందేహాలున్నాయి. ఒకటి, అన్నం చెడదని ఆవకాయ ఎక్కువగా కలుపుకుని తెచ్చుకునేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు, అది మంచిదేనా? రెండు, మా పనిలో మధ్యలో దిగే వీలు ఉండదు కాబట్టి నీళ్లు తక్కువ తాగడం అందరికీ అలవాటైపోయింది. తిండి ఎంత బాగా సర్దినా ఈ రెండో విషయం తేలకపోతే ప్రయోజనం లేదనిపిస్తోంది.

నైట్‌డ్యూటీ (గుంటూరు)

మీ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. వార్డులో తీరిక లేదని నీళ్లు తాగకుండా ఉండేవాళ్లు మాలోనూ ఉన్నారు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు వచ్చి వాళ్లే రోగులుగా చేరడం చూస్తున్నాం. ఒకేసారి లీటరు తాగి తర్వాత గంటల తరబడి మానేయడం కంటే, ప్రతి అరగంటకూ నాలుగు గుక్కలు తాగడం మేలు. బండి ఎక్కే ముందు, నిలిచిన ప్రతి చోటా, దిగిన వెంటనే అని కొన్ని సందర్భాలు పెట్టుకుంటే గుర్తుంటుంది. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం.

మజ్జిగ చేసి సీసాలో పోసుకుంటే ఎండకు పులిసిపోతుంది. చిన్న డబ్బాలో గట్టి పెరుగు, వేరే సీసాలో నీళ్లు, కాగితంలో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి పెట్టుకుని అప్పటికప్పుడు చిలుక్కోండి. రాగి అంబలి తీసుకువెళ్లేవారు సీసాను పూర్తిగా నింపి మూత బిగించకండి, పులిసేటప్పుడు పుట్టే వాయువుతో మూత ఎగిరి బట్టలు పాడవుతాయి. కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవారు మాత్రం ఎంత నీళ్లు, ఎంత ఉప్పు అన్నది తమ డాక్టరును అడిగే తేల్చుకోవాలి.

ఆహారశాస్త్రం (బాపట్ల)

ఆవకాయ సంగతి నేను చెబుతాను. ఊరగాయ నిలవ ఉండటానికి కారణం అందులోని ఉప్పు, పులుపు, నూనె. అన్నంలో కలిపిన తర్వాత ఆ మూడూ పలుచబడతాయి, కాబట్టి ఆవకాయ అన్నం ఆవకాయంత నిలవ ఉంటుందనుకోవడం పొరపాటు. రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఉదయం నుంచి రాత్రి దాకా ఊరగాయ మీదే గడిపితే ఆ హద్దు ఎప్పుడు దాటామో తెలియదు. రుచికి ఒక ముక్క విడిగా పెట్టుకోండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో టీ, కాఫీలను భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగవద్దని ఉంది, వాటిలోని టానిన్లు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రొట్టె, పుట్నాలు తిన్నాక టీకి బదులు ఒక జామకాయ తింటే, అందులోని విటమిన్ సి వల్ల ఆ తిండిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

తీపికబురు (ఖమ్మం)

ఈ చర్చలో షుగరు ఉన్నవారి మాట ఎవరూ ఎత్తలేదు. నేను స్కూలు బస్సు నడుపుతాను, షుగరు మాత్రలు వాడతాను. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు భోజనం ఆలస్యమైతే ఒళ్లు చెమటపట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. బండి నడిపేవారికి ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు టీ చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలని మా డాక్టరు చెప్పారు. పల్లీపట్టి ఇక్కడ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. గ్లూకోజు పొట్లం జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు.

ఎడారిలో_జగిత్యాల (దుబాయ్)

జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడ పని చేస్తున్న మాలాంటివాళ్లది ఇదే బాధ, ఎండ మాత్రం ఇంకా ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న చట్టం ఇక్కడ ఉంది కాబట్టి ఆ వేళ నీడలో కూర్చుని తింటాం. అయితే సద్ది కట్టుకునేది తెల్లవారుజామున నాలుగింటికి, విప్పేది పన్నెండున్నరకు.

మేము చేసే పని ఒకటి చెబుతాను. అర లీటరు నీళ్ల సీసాను నిండా నింపకుండా, కొంచెం వెలితిగా రాత్రంతా డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టించి, పొద్దున వేడి ఆపే సంచిలో పెరుగు డబ్బాకు ఆనించి పెడతాం. మధ్యాహ్నానికి పెరుగు చల్లగా ఉంటుంది, కరిగిన నీళ్లు తాగడానికి పనికివస్తాయి. పండ్లు కోసి పెట్టుకోవద్దు, జామ, కమలా, కీరా నిండుగానే పెట్టుకుని అప్పుడు కోసుకోవాలి. అరటిపండు సంచిలో పైన ఉండాలి.

కొర్రలక్క (మహబూబ్‌నగర్)

ఇంతమంది రాసినా కొర్రలు, సామలు, అరికెల గురించి ఎవరూ చెప్పకపోవడం ఆశ్చర్యంగా ఉంది. వీటిలో పీచు ఎక్కువ కాబట్టి ఆకలి త్వరగా వేయదు. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది.

గోదారమ్మాయి (రాజమహేంద్రవరం)

కొర్రలక్కా, ఇంట్లో వేడివేడిగా తినడానికి మీరు చెప్పింది నిజమే. క్యారేజిలో మాత్రం కొర్రన్నం చల్లారేసరికి బిరుసెక్కి గొంతు దిగదు, మా వారు డబ్బా అలాగే తిరిగి తెచ్చారు. దద్ధోజనం పద్ధతిలో పాలు ఎక్కువ పోసి కలిపితే కొంత నయం. చిరుధాన్యమే కావాలంటే రొట్టెగానో, రాగి సున్నుండలుగానో పంపడం తెలివైన పని. ఆరోగ్యానికి ఎంత మంచిదైనా తినకుండా తిరిగి వచ్చిన తిండి వల్ల ఒంటికి లాభం లేదు కదా!

లూప్‌లైను (కాజీపేట)

అందరి సూచనలూ కలిపి ఒక పద్ధతి అనుకున్నాను. బండి ఎక్కగానే ఇడ్లీలు, గుడ్లు తింటాను. మధ్యాహ్నానికి ఒకరోజు పులిహోర, మరొకరోజు రొట్టె, కంది పొడి, వాటితో గడ్డకట్టిన సీసా పక్కన పెరుగు. లైను బాక్సులో ఎప్పుడూ ఉండేలా బుడ్డలు, పుట్నాలు, బెల్లం, నువ్వుల ఉండలు. మా లోకో పైలట్ గారికి షుగరు ఉంది, ఆయనకు గ్లూకోజు పొట్లం గురించి ఈ రోజే చెబుతాను.

వేడి అన్నం కోసం ఫ్లాస్కు డబ్బా ఒకటి కొన్నాను గానీ రెండు విషయాలు అర్థం కావడం లేదు. అందులో పెట్టిన సాంబారన్నం పదకొండింటికే చల్లారిపోతోంది, కడిగినా మూత దగ్గర వాసన పోవడం లేదు. డబ్బానే మంచిది కాదా?

ఆహారశాస్త్రం (బాపట్ల)

డబ్బాను తప్పుపట్టే ముందు నింపే తీరు మార్చి చూడండి. చల్లని స్టీలులో వేడి అన్నం పెడితే ఆ వేడిలో కొంత స్టీలుకే పోతుంది. ముందుగా మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, అవి పారబోసిన వెంటనే పొయ్యి మీద ఉడుకుతున్న సాంబారన్నాన్ని అంచు దాకా నింపండి. సగం ఖాళీగా ఉంచితే త్వరగా చల్లారుతుంది. ఇలా చేసినా నాలుగు గంటలకు మించి నమ్మకండి, మధ్యలో ఊరికే తెరిచి చూడకండి. పదకొండింటికల్లా తినేసేటట్లయితేనే సాంబారన్నం అందులో పెట్టండి, తర్వాతి పూటకు పులిహోరే మేలు.

వాసన మూతలోని రబ్బరు చుట్టు నుంచి వస్తోంది. స్పూను కాడతో దాన్ని మెల్లగా పైకి లేపి బయటికి తీయండి, దాని కింద గాడిలో సాంబారు పేరుకుని ఉంటుంది. రెండింటినీ వంటసోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, ఎండలో పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించండి. రాత్రిపూట మూత వేసి ఉంచకండి. రబ్బరు సాగిపోతే అదొక్కటే కొనుక్కోవచ్చు, డబ్బా మార్చవలసిన పని లేదు.